పాత ఏబెల్ ఫైలు ముందు పెట్టుకొని: ఏబెల్, కపుల్, పాలాస్మ్, వెరిలాగ్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

ముప్పై ఏళ్ల కిందటి కంట్రోల్ బోర్డు మరమ్మతుకు వచ్చి, అందులో పాల్ అనో గాల్ అనో ముద్రించి ఉన్న, లాజిక్‌ను మనమే రాసి ఎక్కించే ఇరవై పిన్నుల చిప్పు పాడైందని తేలితే, కొత్త చిప్పు ఎక్కడ దొరుకుతుందన్న దానికంటే దాని లోపలి లాజిక్‌ను ఏ భాషలో తిరిగి రాయాలన్నదే ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న అవుతుంది. అది జమ్మికుంట వైపు జిన్నింగ్ మిల్లులో బేలు ప్రెస్సు బోర్డు కావచ్చు, సిరిసిల్లలో మగ్గం బోర్డు కావచ్చు, వరంగల్‌లోని ఏదో కళాశాల ల్యాబులో మూలన పెట్టిన మైక్రోప్రాసెసర్ కిట్ కావచ్చు. బోర్డుతో పాటు ఒక ఫ్లాపీయో, దాని నుంచి ఎవరో ఎప్పుడో కాపీ చేసి పెట్టిన ఫోల్డరో దొరికితే అందులో అలాంటి లాజిక్‌ను రాసే పాత భాష ఏబెల్‌లో ఉన్న ఫైలు ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడుకోవాలా, అదే తరహా మరో భాష కపుల్‌లోకి మార్చాలా, లేక పెద్ద చిప్పులకు ఇప్పుడు వాడే వెరిలాగ్ భాషలో మొదటి నుంచి రాయాలా అన్నది ఈ వ్యాసం విషయం. హనుమకొండ, కరీంనగర్, పెద్దపల్లి వైపు ఇటువంటి బోర్డులు బాగుచేసే వారినీ, ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ భాషల్లో ఏది గొప్పది, ఏది చదవడానికి బాగుంటుంది అని తూచి నిర్ణయించడం వల్ల ప్రయోజనం లేదు. చేతిలో మిగిలినది ఆ భాషలో రాసిన సోర్సు ఫైలా, దాని నుంచి తయారై చిప్పులోకి ఎక్కే ఫ్యూజు ఫైలా, లేక ఉత్త చిప్పేనా అన్నదీ, ఈ రోజు బజారులో ఏ చిప్పు కొత్తగా దొరుకుతుందన్నదీ తేలితే భాష దానంతట అదే తేలుతుంది.

ఈ భాషల పుట్టుపూర్వోత్తరాలు

పాల్ చిప్పులను మోనోలిథిక్ మెమొరీస్ అనే అమెరికన్ సంస్థ 1978లో విడుదల చేసింది. వాటికి సమీకరణాలు రాయడానికి ఆ సంస్థే పాలాస్మ్ అనే సాధనాన్ని ఫోర్‌ట్రాన్‌లో తయారుచేసి, దాని సోర్సు కోడును వినియోగదారులకు ఉచితంగా ఇచ్చింది. పాలాస్మ్‌లో నక్షత్రం గుర్తు అండ్‌కూ, కూడిక గుర్తు ఆర్‌కూ, ఏటవాలు గీత నాట్‌కూ వాడతారు. 1983లో రెండు పోటీ భాషలు వచ్చాయి. అసిస్టెడ్ టెక్నాలజీ అనే సంస్థ కపుల్‌ను తెచ్చింది. చిప్పులోకి లాజిక్‌ను ఎక్కించే, అంటే బర్న్ చేసే, ప్రోగ్రామర్ యంత్రాలకు పేరుపడిన డేటా ఐఓ సంస్థ ఏబెల్‌ను తెచ్చింది. సమీకరణాలతో పాటు ట్రూత్ టేబుల్, స్టేట్ డయాగ్రమ్, టెస్ట్ వెక్టర్లను (ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితం రావాలో చెప్పే పరీక్ష వరుసలను) ఒకే ఫైలులో రాసుకునే వీలు ఏబెల్‌లో ఉండేది కనుక, చిన్న లాజిక్ చిప్పులతో పనిచేసే ఇంజనీర్లలో అది బాగా పాతుకుపోయింది.

తరువాత ఏబెల్ చాలా చేతులు మారింది. డేటా ఐఓ దాన్ని సినారియో అనే వేరే సంస్థగా విడదీసింది. ఆ సంస్థను 1997లో మింక్ అనే మరో సంస్థ కొన్నది. మింక్ మరుసటి ఏడాదే మూతపడింది. దాని ఆస్తుల్లో ఏబెల్ భాషా సాధనాలు జైలింక్స్ అనే చిప్పుల సంస్థకు చేరాయి. జైలింక్స్ తన ఐఎస్ఈ సాఫ్ట్‌వేర్‌లో కొంతకాలం దాన్ని ఉంచి, తరువాతి వెర్షన్లలో తీసివేసింది. కపుల్ దారి వేరు: లాజికల్ డివైజెస్ చేతికి వెళ్లి, అక్కడి నుంచి ఆట్మెల్ చిప్పుల కోసం విన్‌కపుల్ అనే ఉచిత రూపంలో వచ్చింది. 2016లో ఆట్మెల్‌ను మైక్రోచిప్ కొన్న తరువాత కూడా అది కొనసాగింది. ఏబెల్ కంటే కపుల్ మెరుగైన భాష కావడం వల్ల ఇలా జరగలేదు. కపుల్‌ను పట్టుకొని ఉన్న సంస్థ ఆ తరహా చిప్పులను ఇంకా తయారుచేస్తోంది, అంతే. గాల్ చిప్పులను 1985లో తెచ్చిన లాటిస్ సంస్థ వాటి తయారీ ఆపివేసి చాలా కాలమైంది. కొత్తగా దొరికేవి మైక్రోచిప్ వారి ఏటీఎఫ్16వీ8, ఏటీఎఫ్22వీ10. ఐదు వోల్టుల బోర్డులో నేరుగా కూర్చునే కొంచెం పెద్ద చిప్పు కావాలంటే అదే సంస్థ వారి ఏటీఎఫ్1502, 1504, 1508 ఉన్నాయి.

జెడెక్ ఫైలు ఉంటే భాష గొడవే లేదు

ఏ భాషలో రాసినా చివరకు తయారయ్యేది జెడెక్ ప్రమాణం ప్రకారం ఉండే ఫ్యూజు ఫైలే. అది మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడవచ్చు. మొత్తం ఫ్యూజులు ఎన్నో మొదట్లోనే ఉంటుంది. గాల్ 16వీ8కు 2,194, గాల్ 22వీ10కు 5,892. తరువాత సున్నాలు, ఒకట్ల వరుసలు, చివర చెక్‌సమ్ వస్తాయి. 16వీ8 లేదా 22వీ10 కోసం తయారైన ఫైలు చేతిలో ఉండి, లాజిక్‌లో మార్పు అవసరం లేకపోతే ఏ భాషనూ తాకవద్దు. ఏటీఎఫ్16వీ8 లేదా ఏటీఎఫ్22వీ10 తెచ్చి, అదే ఫైలును బర్న్ చేసి, బోర్డులో పెట్టండి. 22వీ10 విషయంలో ఫైలులో 5,828 ఫ్యూజులే కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. మిగిలిన 64 చిప్పులో గుర్తింపు రాసుకోవడానికి కేటాయించినవి. లాజిక్‌తో వాటికి సంబంధం లేదు. కొన్ని ప్రోగ్రామర్ల జాబితాలో ఒకే చిప్పు రెండు పేర్లతో కనిపించడానికి కారణం ఇదే.

చిప్పు ఇంకా పనిచేస్తూ, సోర్సూ ఫ్యూజు ఫైలూ రెండూ లేని సందర్భంలో చేయవలసిన మొదటి పని చిప్పును చదవడం. లోపలి లాజిక్‌ను ఎవరూ చదవకుండా అడ్డుకునే సెక్యూరిటీ ఫ్యూజు వేయకుండా వదిలేసి ఉంటే ప్రోగ్రామర్ మొత్తం ఫ్యూజు మ్యాప్‌ను చదివి ఇస్తుంది. దాన్ని మేమ్ అనే, పాత ఆటల యంత్రాలను కంప్యూటర్‌లో నడిపే ప్రాజెక్టుతో పాటు వచ్చే జెడ్‌యుటిల్ అనే చిన్న సాధనానికి ఇస్తే సమీకరణాలుగా విప్పి చూపిస్తుంది. ఈ పనిని వాయిదా వేయకూడదు. గాల్ చిప్పుల డేటాషీట్ హామీ ఇచ్చేది ఇరవై ఏళ్ల నిల్వకే. 1990ల మధ్యలో బర్న్ చేసిన చిప్పు ఈనాటికీ నడుస్తున్నదంటే దాని గడువు దాటి చాలా కాలమైందని అర్థం. దసరా తరువాత పత్తి రాక మొదలై మిల్లు రాత్రింబగళ్లు నడిచే రోజుల్లో కాకుండా, వేసవిలో యంత్రం ఆగి ఉన్నప్పుడే బోర్డులోని ప్రతి చిప్పునూ చదివి దాచుకోమని మిల్లు వాళ్లకు చెప్పడం మరమ్మతు చేసేవారి బాధ్యతలో భాగమని నేను అనుకుంటాను.

సెక్యూరిటీ ఫ్యూజు వేసి ఉంటే దారి ఇరుకవుతుంది. పాల్ 16ఎల్8 వంటి చిప్పులో రిజిస్టర్లు, అంటే క్లాకు అంచున విలువను పట్టి ఉంచే గదులు, ఉండవు. పది ఇన్‌పుట్లు, ఆరు రెండు వైపులా పనిచేసే పిన్నులు కలిపి ఎక్కువలో ఎక్కువ పదహారు కాబట్టి, 65,536 కలయికలనూ ఇచ్చి ఫలితాలు రాసుకుంటే లాజిక్ చాలావరకు బయటపడుతుంది. అవుట్‌పుట్‌ను మళ్లీ లోపలికి తెచ్చి విలువను పట్టి ఉంచే లాచ్ వంటి తిరుగు లూపు కట్టి ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు. రిజిస్టర్లున్న 16ఆర్8 వంటి వాటికీ ఇది సరిపోదు. అక్కడ బోర్డు సర్క్యూట్‌ను చూసి లాజిక్‌ను ఊహించి రాయడమే మిగులుతుంది.

సోర్సు ఉంది, మార్పు చేయాలి: ఏబెల్‌లోనా, కపుల్‌లోనా?

అసలైన ఎంపిక ఇక్కడే. ఏబెల్ ఫైలు ఉంది. సెన్సారు మారిందనో, కొత్త గార్డు స్విచ్చు పెట్టారనో సమీకరణంలో ఒక పదం చేర్చాలి. ఏబెల్‌ను ఇప్పటికీ కంపైల్ చేయడానికి లాటిస్ వారి ఐస్ప్‌లీవర్ క్లాసిక్ ఒక మార్గం; దాని లైసెన్సు ఫైలు ఉచితమే. బోర్డులో ఉన్నది లాటిస్ వారి ఐస్ప్‌మాక్ చిప్పు అయితే మరో ఆలోచన లేకుండా ఇదే ఎంచుకోండి. మామూలు 16వీ8, 22వీ10 అయితే నా ఓటు కపుల్‌కే. మళ్లీ ఐదేళ్ల తరువాత ఎవరైనా ఈ ఫైలు తెరవవలసి వస్తే, కొత్తగా దొరికే చిప్పునూ, దానికి తగిన సాధనాన్నీ ఒకే చోట పొందగలిగేది ఆ దారిలోనే.

మార్పిడి చూడడానికి చాలా సులభం. రెండు భాషల్లోనూ & అండ్, # ఆర్, ! నాట్, $ ఎక్స్ఆర్. అర్థం కావడానికి పేర్లను తెలుగులో రాస్తున్నాను. ఫైలులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి. ఏబెల్‌లో

మోటార్ := (స్టార్ట్ # మోటార్) & !స్టాప్ & గార్డ్;

అని ఉన్నది కపుల్‌లో

మోటార్.డీ = (స్టార్ట్ # మోటార్) & !స్టాప్ & గార్డ్;

అవుతుంది. క్లాకు అంచున మారే సమీకరణానికి ఏబెల్ := గుర్తు వాడితే, కపుల్ పేరు చివర .డీ చేరుస్తుంది. ఇంత దగ్గర పోలిక ఉండడమే అసలు ప్రమాదం, ఎందుకంటే తేడాలున్న చోట కంపైలర్ తప్పు చూపదు. మౌనంగా వేరే లాజిక్ తయారుచేస్తుంది.

మొదటి తేడా అంకెలది. ఏబెల్‌లో ఏ గుర్తూ లేని అంకె దశాంశం. కపుల్‌లో అది పదహారు ఆధారంగా ఉండే హెక్సా. ఏబెల్‌లో కౌంటర్ 10 దగ్గర ఆగాలని రాసి ఉన్నదాన్ని యథాతథంగా కపుల్‌లోకి తెస్తే 16 దగ్గర ఆగుతుంది. పిన్ నంబర్లు మాత్రం కపుల్‌లోనూ దశాంశాలే కనుక, ఫైలు పైభాగం సరిగ్గా ఉండి కింది భాగం తప్పిపోతుంది. మైక్రోప్రాసెసర్ కిట్‌లలోని అడ్రస్ డీకోడర్లలో దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి.

రెండవది ఎక్స్ఆర్, ఆర్ గుర్తుల ప్రాధాన్యం. ఏబెల్‌లో # కూ $ కూ సమాన ప్రాధాన్యం ఉండి ఎడమ నుంచి కుడికి లెక్క జరుగుతుంది. కపుల్‌లో # ముందు, $ తరువాత. రెండూ కలిసిన ప్రతి వరుసలో కుండలీకరణాలు పెట్టి తీరాలి.

మూడవది కరెంటు వచ్చిన క్షణానికి సంబంధించినది. దీని మీద కొంచెం నిలబడతాను, ఎందుకంటే మన ప్రాంతంలో కరెంటు పోయి రావడం సాధారణమే. మోటారు దానంతట అది తిరగడం మాత్రం సాధారణం కాకూడదు. గాల్ 16వీ8లో కరెంటు రాగానే లోపలి రిజిస్టర్లన్నీ సున్నా అవుతాయి, కానీ రిజిస్టరు తరువాత తప్పనిసరిగా ఒక ఇన్వర్టర్ (సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పేది) ఉంటుంది. అందువల్ల సమీకరణంలో పొలారిటీ (ఫలితం ఉన్నదున్నట్టు బయటికి రావాలా, తలకిందులుగానా అన్నది) ఎలా రాసినా, ఆ పిన్నులు ఎనేబుల్ అయి ఉంటే మొదట ఒకటిగానే లేస్తాయి. 22వీ10లో అలా కాదు. పొలారిటీని బట్టి పిన్ను సున్నాగానో ఒకటిగానో లేస్తుంది. ఏబెల్ ఫైలులో ఈ విషయాన్ని పిన్ ప్రకటన దగ్గర ఉండే ఇస్‌టైప్ అనే మాట నిర్ణయిస్తుంది: బఫర్ అని ఉంటే రిజిస్టరుకూ పిన్నుకూ మధ్య ఇన్వర్టర్ లేదని, ఇన్వర్ట్ అని ఉంటే ఉందని అర్థం. కపుల్ ఆ మాటను ఎరుగదు; పిన్ ప్రకటనలో ! ఉందా లేదా అన్నదాన్ని బట్టి తనే నిర్ణయిస్తుంది. ఇన్వర్ట్ అని రాసి ఉన్న ఏబెల్ అవుట్‌పుట్‌ను కపుల్‌లో మామూలు పిన్నుగా ప్రకటిస్తే, క్లాకు నడుస్తున్నంతసేపూ రెండు చిప్పులూ ఒకేలా ప్రవర్తిస్తాయి. కరెంటు వచ్చిన తరువాత మొదటి క్లాకు అంచు వరకు మాత్రం పిన్ను తలకిందులుగా ఉంటుంది. 22వీ10లోని రీసెట్ సంకేతం వచ్చినప్పుడూ అంతే. ఆ పిన్ను రిలే డ్రైవరుకు వెళుతున్నదైతే ఆ కొద్ది వ్యవధే చాలు. కాబట్టి మార్చేముందు ఏబెల్ ఫైలులోని ప్రతి ఇస్‌టైప్ పంక్తినీ కాగితం మీద రాసుకొని, దాని ఎదురుగా బోర్డులో ఆ పిన్ను దేన్ని నడుపుతోందో రాసుకోవాలి. మార్చిన చిప్పును మొదటిసారి పెట్టినప్పుడు మోటారు కాంటాక్టరు వైరు ఊడదీసి, ఎల్ఈడీ పెట్టి, కరెంటు నాలుగైదు సార్లు తీసి వేసి చూడాలి.

నాలుగవది గ్లిచ్‌లది, అంటే సంకేతం మారే క్షణంలో అవుట్‌పుట్‌లో మెరిసే తప్పుడు విలువలది. లాచ్‌ను సమీకరణంతో కట్టినప్పుడు పాత ఇంజనీర్లు లెక్కకు అవసరం లేని ఒక ప్రొడక్ట్ టర్మ్‌ను (అండ్‌తో కలిపిన పదాన్ని) కావాలని చేర్చేవారు. ఎనేబుల్ మారే క్షణంలో అవుట్‌పుట్ జారిపోకుండా అది పట్టుకుంటుంది. కంపైలర్ సమీకరణాన్ని కుదించేటప్పుడు ఇది దండగ అని తీసేస్తుంది. ఏబెల్‌లో రిటైన్ అనే మాట దాన్ని కాపాడుతుంది. కపుల్‌లో ఆ అవుట్‌పుట్‌కు మిన్ విలువను సున్నా అని ఇవ్వాలి. పైగా ఇప్పటి చిప్పులు పాత పాల్‌ల కంటే వేగవంతమైనవి కనుక, అప్పట్లో కనిపించని గ్లిచ్ ఇప్పుడు బయటపడవచ్చు.

ఏబెల్ ఫైలులో సమీకరణాల కంటే విలువైన భాగం ఒకటి ఉంది: చివర ఉండే టెస్ట్ వెక్టర్లు. యంత్రం ఏ పరిస్థితిలో ఏం చేయాలని మొదటి ఇంజనీరు అనుకున్నాడో చెప్పే రాతపూర్వక సాక్ష్యం తరచుగా అదొక్కటే. కపుల్‌లో వాటిని .ఎస్ఐ అనే వేరే ఫైలులో రాయాలి. ఏబెల్‌లో ఎదురుచూసే ఫలితం కూడా 0, 1 గానే ఉంటుంది. కపుల్‌లో ఇన్‌పుట్‌కు 0, 1, ఫలితానికి మాత్రం లో, హై అనే అర్థంలో ఎల్, హెచ్ అక్షరాలు వాడాలి. ఇది విసుగు పని, ఒప్పుకుంటాను. కానీ సమీకరణాలను మార్చి వెక్టర్లను వదిలేసిన మార్పిడిని నేను పూర్తయిన పనిగా లెక్కించను. వెక్టర్లన్నీ నెగ్గినా, పాత జెడెక్ ఫైలు కూడా ఉంటే రెండింటినీ జెడ్‌యుటిల్‌తో సమీకరణాలుగా విప్పి పక్కపక్కన పెట్టి చూడడం మంచిది. ఇన్వర్ట్ తేడా అక్కడ కంటికి కనబడుతుంది.

విన్‌కపుల్ గురించి ఒక హెచ్చరిక. అది పాత విండోస్ కాలంలో తయారైన సాఫ్ట్‌వేర్. దాని తెర అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది. ఫోల్డరు పేర్లు చిన్నవిగా, ఖాళీలు లేకుండా పెట్టుకొని, ఫైలును నోట్‌ప్యాడ్‌లో రాసుకొని, కపుల్ కంపైలర్‌ను కమాండ్ లైన్ నుంచి నడిపితే చాలా తలనొప్పి తగ్గుతుంది.

పాలాస్మ్ ఫైలు దొరికితే

దీనికి పెద్ద చర్చ అవసరం లేదు. గాలెట్, గాలాస్మ్ అనే ఓపెన్ సోర్సు సాధనాలు పాలాస్మ్ తరహా గుర్తులనే వాడతాయి. పిన్ల పేర్లు వరుసగా, ఆపైన సమీకరణాలు రాస్తే 16వీ8, 20వీ8, 22వీ10లకు జెడెక్ ఫైలు ఇస్తాయి. లైనక్స్‌లోనూ నడుస్తాయి. అవి సమీకరణాన్ని కుదించవు. కుండలీకరణాలు లేకుండా, అండ్ పదాలను ఆర్‌తో కలిపిన రూపంలోకి మీరే విప్పి రాయాలి. రాసింది రాసినట్టు చిప్పులోకి వెళుతుంది కనుక గ్లిచ్ టర్మ్‌ల భయం ఉండదు. పది పంక్తుల లోపు పనికి కపుల్ కంటే నాకు ఇదే ఇష్టం.

వెరిలాగ్‌కు ఎప్పుడు మారాలి?

ఒకే 22వీ10 ఉన్న బోర్డుకు వెరిలాగ్ వద్దు. ఆ భాషలో పై సమీకరణం

మోటార్ <= (స్టార్ట్ | మోటార్) & ~స్టాప్ & గార్డ్;

అని చక్కగానే ఉంటుంది, కానీ దాన్ని అంత చిన్న చిప్పులోకి దించే తేలికైన దారి లేదు. 22వీ10లో ఒక్కో అవుట్‌పుట్‌కు 8 నుంచి 16 ప్రొడక్ట్ టర్మ్‌లే దొరుకుతాయి. ఏ సమీకరణం ఎన్ని టర్మ్‌లు తింటుందో కళ్లకు కనిపించే భాష అక్కడ అవసరం.

బోర్డులో నాలుగైదు పాల్‌లు ఉండి, వాటన్నింటినీ కలిపి ఒకే చిప్పులో పెట్టి కొత్త బోర్డు వేయాలనుకుంటే లెక్క మారుతుంది. అప్పుడు ఏటీఎఫ్1504 లేదా 1508 తీసుకొని, వెరిలాగ్‌లో రాసి, యోసిస్ అనే ఓపెన్ సోర్సు సాధనం ద్వారా నెట్‌లిస్టు (ఏ గేటు దేనికి కలిసిందో చెప్పే జాబితా) తయారుచేసి, దాన్ని చిప్పులో అమర్చేందుకు మైక్రోచిప్ ఇచ్చే ఫిట్టర్‌తో దించవచ్చు. టెస్ట్‌బెంచ్‌ను, అంటే పరీక్ష కోడును, ఇకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్‌లో ఉచితంగా నడపవచ్చు. రేపు చూసుకోవడానికి వచ్చే పిల్లలకు తెలిసిన భాష కూడా ఇదే. పాత బోర్డులో ఆల్టెరా మాక్స్ 7000 చిప్పు ఉండి, దాని పాఫ్ ఫైలు (ఆల్టెరా వారి బర్న్ చేసే ఫైలు) దొరికితే మాత్రం ఏదీ రాయకముందే పాఫ్ నుంచి జెడెక్‌కు మార్చే పీఓఎఫ్2జెడ్ సాధనాన్ని ప్రయత్నించండి. ఏటీఎఫ్15 శ్రేణికి అది తిన్నగా పనికివచ్చే సందర్భాలున్నాయి. జైలింక్స్ ఎక్స్‌సీ9500ఎక్స్ఎల్ మీద కొత్త బోర్డు మొదలుపెట్టవద్దు. ఆ శ్రేణిని ఆపివేస్తున్నట్టు జైలింక్స్‌ను కొన్న ఏఎండీ 2024లో ప్రకటించింది. పైగా అది 3.3 వోల్టుల చిప్పు; ఇన్‌పుట్లు ఐదు వోల్టులను తట్టుకున్నా, అవుట్‌పుట్ ఐదు వోల్టుల దాకా లేవదు.

కేవలం ఇంటర్‌లాక్‌లూ టైమర్లూ ఉన్న కొత్త యంత్రమైతే లాజిక్ చిప్పు ఆలోచనే మానుకొని చిన్న పీఎల్‌సీ (యంత్రాలను నడిపే రెడీమేడ్ కంట్రోలర్) పెట్టండి. మండల కేంద్రంలోని ఎలక్ట్రీషియన్ కూడా దాని ల్యాడర్ పటాన్ని చదవగలడు, కపుల్ చదవలేడు.

కళాశాల ల్యాబులకు

సిలబస్ అంతా వెరిలాగ్, వీహెచ్‌డీఎల్‌ల మీదే ఉండాలి. ఏబెల్‌కు పూర్తి సెమిస్టరు కేటాయించడంలో అర్థం లేదు. కానీ ఒక్క ల్యాబు తరగతి గాలెట్‌కో కపుల్‌కో ఇవ్వడం మంచిదని నా గట్టి నమ్మకం. ఎఫ్‌పీజీఏ (ఇప్పటి పెద్ద ప్రోగ్రామబుల్ చిప్పు) సాఫ్ట్‌వేర్ నాలుగు పంక్తుల కోడును మింగి నిమిషాల తరువాత చిప్పులోకి ఎక్కించే బిట్‌స్ట్రీమ్ ఫైలు ఇస్తుంది. మధ్యలో ఏం జరిగిందో విద్యార్థి చూడలేడు. రెండు ఇన్‌పుట్ల సమీకరణం రాసి, జెడెక్ ఫైలు తెరిచి, ఫలానా వరుసలో ఫలానా సున్నా తన సమీకరణంలోని ఫలానా ఇన్‌పుట్‌దని వేలు పెట్టి చూపగలిగేది 16వీ8లోనే. డేటాషీట్‌లోని ఫ్యూజు పటం పక్కన పెట్టుకుంటే గంటన్నరలో అయ్యే పని.

చిప్పులు కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే గాల్‌లలో పాత బోర్డుల నుంచి ఊడదీసి, పైన తుడిచి, కొత్త ముద్ర వేసినవి కలుస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, పార్శిల్‌లో తెప్పించినా, ప్రతి చిప్పునూ ముందు చెరిపి, ఖాళీగా ఉందని నిర్ధారించుకొని, బర్న్ చేసి, వెరిఫై చేసి పక్కన పెట్టండి. ఇవి వంద సార్లు చెరిపి రాయడానికే హామీ ఉన్న చిప్పులు. ఎవరో ఇప్పటికే ఎన్నిసార్లు రాశారో బయటికి కనిపించదు. మరమ్మతుకు పెట్టే చిప్పు మాత్రం బిల్లుతో వచ్చే కొత్త ఏటీఎఫ్ అయి ఉండాలి. ఒకటి బోర్డులో పెట్టి, అదే ఫైలుతో బర్న్ చేసిన మరొకటి మిల్లు వాళ్ల చేతికి ఇవ్వండి. దాని మీద ఫైలు పేరు, చెక్‌సమ్, తేదీ రాసిన చీటీ అంటించండి.